నూతి పప్పు

మా ఉద్దానం తీరంలో కొత్త నూతికి పరీక్ష కందిపప్పుతో చేస్తారు. నూతి గోడగా దింపే సిమెంటు ఒరల్లో చివరిది కూర్చున్నాక, బురద నీళ్లన్నీ తోడి పారబోసి, మళ్లీ ఊరిన తేట నీళ్లతో నూతి పక్కనే పొయ్యి పెట్టి పప్పు వండుతారు. వండేది నుయ్యి దింపినవాడి భార్య. నీళ్లలో ఉప్పూ చవుడూ ఉంటే ఎంత మంట పెట్టినా గింజ గింజగానే ఉంటుంది. మంచినీళ్లయితే మెత్తగా విచ్చుకుంటుంది. మొదటి ముద్ద నుయ్యి దింపినవాడు తినాలి. ఉడకకపోయినా అతనే తినాలి. తిని, తను తవ్విన గొయ్యి తనే పూడ్చి వెళ్లాలి. దీన్ని నూతి పప్పు అంటారు.

నూతులు దింపే గోవిందు జన్మలో రెండుసార్లు ఉడకని పప్పు తిన్నాడు. మొదటిసారి పెళ్లయిన కొత్తలో. ఆ నుయ్యి పూడ్చడానికి అతని భార్య అప్పలమ్మ కూడా తట్ట పట్టింది. రెండోసారి నిరుడు వేసవిలో.

నాది టెక్కలిలో మోటార్లు చుట్టే పని. గోవిందు దింపిన నూతుల మీద మోటార్లు బిగించడానికి చాలాసార్లు వెళ్లాను కాబట్టి అతని పని దగ్గర నుంచి చూశాను. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున చిన్నరేవుపేట అతని ఊరు. అంతా చేపల వేటకు వెళ్లే కుటుంబాలే. గోవిందుకు చిన్నప్పుడు చెవిపోటు వచ్చి ఒక చెవి చెడింది. పడవెక్కితే కళ్లు తిరిగేవి. తండ్రి విసిగిపోయి నౌపడా వైపు ఒరలు పోసే మేస్త్రీ దగ్గర పెట్టాడు. ఊళ్లో అందరూ నవ్వారు. మనోళ్లు నీటి మీద బతికితే ఈడు నీటి కింద బతుకుతాడట అన్నారు. చివరికి అదే నిజమైంది.

ఇసకలో నుయ్యి దింపడం రాతినేలలో తవ్వడం లాంటిది కాదు. గొయ్యి తీస్తే గట్లు జారి పూడిపోతుంది. అందుకని ముందు సిమెంటు ఒర పోసి, తడి గోనెలు కప్పి గట్టిపడనిచ్చి, దాన్ని నేల మీద నిలబెట్టి, లోపల కూర్చుని అడుగున ఇసక తీస్తారు. ఒర తన బరువుతో తనే దిగుతుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. ఒక పక్క ఇసక కాస్త ఎక్కువ తీస్తే ఒర వాలిపోతుంది. వాలిన ఒరను నిలబెట్టడం కొత్తది దింపడం కన్నా కష్టం. గోవిందు తాడుకు కట్టిన సీసం గుండును నాలుగు పక్కలా వేలాడదీసి చూసుకుంటూ, చేత్తో ఇసక తీసేవాడు. పార వాడేవాడు కాదు. "పారకి తొందరెక్కువ" అనేవాడు. అడుగు ఒరల మధ్య సిమెంటు పెట్టేవాడు కాదు, అక్కడి నుంచే ఊట రావాలి. బయట చుట్టూ గులకరాయి తనే కూరేవాడు. నేను చూసిన అతని నూతుల్లో ఒక్కటి కూడా వాలింది లేదు.

ఇదంతా బాగానే ఉంది. కానీ చిన్నరేవుపేటకే మంచినీళ్లు కరువయ్యాయి. తుపాను ఒకటి వచ్చి ఊరికీ సముద్రానికీ మధ్యనున్న ఇసకదిబ్బను, దాని మీది మొగలిపొదలతో సహా ఊడ్చుకుపోయింది. అప్పటి నుంచి పెద్ద పోటుకు సముద్రం ఇళ్ల వెనక దాకా వచ్చి పోతోంది. వాన మునుపటిలా నాలుగు నెలలు మెల్లగా కురిసి ఇంకడం మానేసింది. ఒక్కసారే కుండపోతగా పడి, గెడ్డలనే వాగుల వెంట సముద్రంలోకి పోతోంది. ఉన్న నూతులు ఒకటొకటే ఉప్పెక్కాయి. ఊరిని లోపలికి, పొలాలు దాటాక రోడ్డు పక్కన కట్టిన కాలనీకి మార్చాలని పైనుంచి మాట వచ్చింది. తాగునీరు ఉన్న ఊరిని కదపరట. లేకపోతే కదలక తప్పదట.

వేటకు వెళ్లేవాళ్లకు అది చిన్న మాట కాదు. వాళ్లు తెల్లారి గుమ్మంలో నిలబడి నీటి రంగు చూస్తారు, గాలి చూస్తారు, పడవ దింపాలో వద్దో అక్కడే తేల్చుకుంటారు. కాలనీ నుంచి కనిపించేది రోడ్డు మీద లారీలే.

అలాంటప్పుడు విశాఖపట్నం నుంచి ముగ్గురు వచ్చారు. భూమిలో నీళ్ల చదువు చదివిన ధరణి, జబ్బుల సంగతి చూసే డాక్టరు రవికుమార్, జనం ఎలా బతుకుతారు, ఎలా తేల్చుకుంటారు అన్నది చదివిన ఇందు. అంతకుముందు కూడా ఇలాంటి వాళ్లు వచ్చేవారు. కాకపోతే విడివిడిగా. ఊరిపెద్ద పోలారావుకు అందుకే వాళ్లంటే వేళాకోళం.

"ఒకలు నీళ్లట్టుకెల్తారు, ఒకలు నెత్తురట్టుకెల్తారు, ఒకలు మాటలట్టుకెల్తారు. మీరలు మాకేటి వొదిలెల్తారో అది సెప్పండి ముందు" అన్నాడు, వాళ్లు జీపు దిగీదిగగానే.

"అందుకే ఈసారి ముగ్గురం ఒకే జీపులో వచ్చాం బాబాయ్. ఒకరిని తప్పించుకుంటే ఇంకొకరు పట్టుకుంటారు" అంది ఇందు. పోలారావు నవ్వకుండా ఉండలేకపోయాడు.

వాళ్లను నేను తప్పుపట్టను. విడివిడిగా పనిచేస్తే ఊరికి ఏమీ మిగలదని వాళ్లే గ్రహించి కలిసి వచ్చారు. ధరణి నాలుగైదు చోట్ల సన్న గొట్టాలు దింపి చూసి, సముద్రానికి దూరంగా, పాత సరుగుడుతోట పక్కన ఒక చోటు చూపించింది. ఇసకలో వాననీరు కింది ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుందని గోవిందుకు వివరించబోయింది.

"పాల మీద మీగడలాగ" అన్నాడు గోవిందు.

"అంతే పెదనాన్నా. లోతుకు వెళ్తే మీగడ చిరిగిపోతుంది. తక్కువ లోతు, ఎక్కువ వెడల్పు. మెల్లగా తోడాలి. ఎండలు ముదిరాక వానలు పడేదాకా అసలు ముట్టుకోకూడదు. ఆ నెలలు ట్యాంకరే."

"ట్యాంకరు వస్తే కదేటి" అన్నాడు పోలారావు.

గోవిందు కొత్తగా వెడల్పు ఒరలు పోశాడు. అంత వెడల్పు ఒర అతనికీ కొత్తే. వాలుతుందేమోనని రెండు గుండ్లు ఎక్కువ కట్టాడు. ధరణి చీర కుచ్చెళ్లు దోపుకుని లోపలికి దిగి అతని ఎదురుగా కూర్చుని చేత్తో ఇసక తీసింది. ఎక్కడ ఆపాలన్నదానికి ఆమె గొట్టం చెప్పిందీ, అతని అరికాలికి తగిలిన చల్లదనం చెప్పిందీ దాదాపు ఒకటే అయింది. ఇద్దరూ ఒకేసారి చాలన్నారు.

కార్తీకంలో నూతి పప్పు పెట్టారు. అప్పలమ్మ వండింది. మెత్తగా ఉడికింది. గోవిందు మొదటి ముద్ద తిని, ఎడం చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ధరణి దగ్గరున్న, నీళ్లలో ఉప్పు కొలిచే చేతిమర కూడా నీళ్లు బాగున్నాయనే చెప్పింది. నేను చిన్న మోటారు బిగించాను. పీల్చే గొట్టాన్ని పైనే ఆపాను, అడుగు నీళ్లు లాగకుండా.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ధరణి మర చెప్పిన దాన్ని ఊరు నమ్మేది కాదు. అంకెలు పెరిగితే నుయ్యి ఆపమంటారు, ఆపితే ఊరు నీళ్లులేని ఊరవుతుంది, అప్పుడు కాలనీకి తోలేస్తారు, మర ఆ పనికే వచ్చిందని పోలారావు లాంటి వాళ్ల అనుమానం. ఇందు చాలా రోజులు ఊరివాళ్ల అరుగుల మీద కూర్చుని, చివరికి ఒక ఒప్పందం కుదిర్చింది. ప్రతి పున్నమికీ మర చూస్తారు, పక్కనే నూతి పప్పు వండుతారు. పప్పు ఉడకని నాడు ఊరు తనే మోటారు ఆపుతుంది. ధరణికి పూర్తిగా మనసొప్పలేదు.

"రెండూ వేరు వేరు చెబితే?" అని అడిగింది.

"అప్పుడు మాట్లాడుకుందాం. వాళ్లు నమ్మే కొలత లేకుండా మన కొలత ఒక్కటే ఉంటే, మన మాట వినేది మనమే" అంది ఇందు. అందులోనూ తప్పు లేదు.

మాఘంలో మర మీద అంకె కొంచెం పెరిగింది. పప్పు ఉడికింది. ఫాల్గుణంలో అంకె బాగా పెరిగింది. పప్పు ఉడికింది. నూతి దగ్గరే మాటామాటా వచ్చింది.

"ఇక ఆపుదాం. ఇప్పుడు ఆపితే మీగడ నిలుస్తుంది" అంది ధరణి.

"మేడమ్‌గారూ, మీ మరకి నాలిక నేదు. మా గోవిందు బావకుంది. బావా, నువ్వు సెప్పు" అన్నాడు పోలారావు.

అందరూ గోవిందు వైపు చూశారు. అతను ఆపమంటే ఊరు ఆపేది. అది అతనికీ తెలుసు. పప్పు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు.

"మరని నాను తప్పనను తల్లీ. కాని ఈ వొయిసుదాకా నాను పప్పుని నమ్మినాను. ఉడికినాది. ఉడికిన నూతిని ఆపమని నానెలగ సెప్తాను?"

మోటారు ఆగలేదు. ఆ ఏడు చైత్రం, వైశాఖం ఎలా కాశాయో ఈ పక్కవాళ్లకు చెప్పక్కర్లేదు. ట్యాంకరు వస్తే వచ్చింది, లేకపోతే లేదు. కాలనీలో ఇళ్లకు తలుపులు బిగిస్తున్నారని మూలపేట వైపు పనికెళ్లే కుర్రాళ్లు చెప్పారు. మోటారు పొద్దున్నా సాయంత్రం ఆడింది. నీరు దిగిపోతే ఎవరో గొట్టాన్ని అడుగుదాకా దించేశారు. పప్పు ఉడుకుతూనే ఉంది.

వైశాఖ పున్నమికి డాక్టరు రవికుమార్ కూడా వచ్చాడు. ఊళ్లో ఆడవాళ్లకు రక్తపోటు పెరుగుతోందని, ఉప్పు ఏ దారిన లోపలికి పోతోందో తేలడం లేదని అతని దిగులు. ఎండుచేపలు అడిగాడు, పచ్చళ్లు అడిగాడు, కూరల్లో ఎంత ఉప్పు వేస్తారో అడిగాడు. నూతి పక్కన పొయ్యి దగ్గర అప్పలమ్మకు ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. ఎసరు పొంగబోతుంటే ఆమె కొంగుముడి విప్పి, చిన్న పొట్లంలోంచి తెల్లటిదేదో చిటికెడు తీసి కుండలో వేసింది. నురగ లేచి అణిగింది.

"ఏమిటమ్మా అది?"

"సోడా బాబూ."

"ఏ సోడా?"

"ఏ సోడా ఏటి, తినే సోడా. కాశీబుగ్గ కొట్లల్లో అమ్మరేటి?"

"పప్పులో వేశారెందుకు?"

అప్పలమ్మకు నవ్వొచ్చింది. పక్కన బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లూ నవ్వారు.

"ఓలమ్మ! ఈ బాబుకి పెల్లి కానేదేటి? సోడా ఎయ్యకండా పప్పెక్కడైనా ఉడుకుద్దా?" అంది నాగమణి, పోలారావు భార్య.

రవికుమార్ నవ్వలేదు. ఒంట్లోకి పోయే ఉప్పులో సోడా కూడా లెక్కే. "ఇళ్లలో కూడా వేస్తారా? అందరూ?"

"అందరూనూ. ఎప్పటినుంచో. నా కోడలు కాపరానికొచ్చినప్పుడు తెల్దంటే నానే నేర్పినాను" అంది అప్పలమ్మ. అంటూ అంటూ ఆమె గొంతు తగ్గింది. గోవిందు కొంచెం దూరంలో గుండుకు కొత్త తాడు కడుతున్నాడు. చేతులు ఆగిపోయాయి.

ఆమె మోసం చెయ్యలేదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. ఊళ్లో నీళ్లు ఏటికేడు కొద్దికొద్దిగా చెడుతూ వచ్చాయి. పప్పు ఉడకడం ఆలస్యమైనప్పుడల్లా ఆడవాళ్లు పొయ్యి దగ్గర తమ దారి తాము చూసుకున్నారు. చెడ్డ నీళ్లలోనూ పప్పును మెత్తబరిచే చిటికెడు సోడా, వంటలో ఉప్పూ పసుపులా కలిసిపోయింది. అది చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు. ధరణి దగ్గర మర ఉంది, డాక్టరు దగ్గర రక్తపోటు లెక్క ఉంది, ఇందు దగ్గర ఊరి మాట ఉంది, గోవిందు దగ్గర గుండూ తాడూ ఉన్నాయి. అందరి మధ్యా పొయ్యి ఉంది. దాన్ని అడిగినవాళ్లు లేరు.

గోవిందు లేచి వచ్చాడు. "ఆ కుండ దింపెయ్యే. రెండు కుండలెట్టు. ఒకటి ఈ నూతి నీల్లు. ఒకటి ధరణమ్మ టెక్కలి నుంచి తెచ్చుకున్న క్యాను నీల్లు. సోడా ఒద్దు."

"ఏటయ్యా, ఇప్పుడిదంతా..."

"ఎట్టు."

రెండు కుండలూ పెట్టారు. ఎవరూ ఇంటికి వెళ్లలేదు. క్యాను నీళ్ల పప్పు ముందు విచ్చుకుంది, గరిటె తగిలితే చెదిరింది. నూతి నీళ్ల పప్పు కింద అప్పలమ్మ మంట ఎగదోస్తూనే ఉంది. పొగకు కళ్లు ఎర్రబడ్డా పుల్లలు పెట్టడం ఆపలేదు. నీళ్లు ఇగిరితే మళ్లీ పోసింది. గింజలు గింజలుగానే పైకీ కిందికీ తిరిగాయి.

"సాలు" అన్నాడు గోవిందు.

ఆకు వేసుకుని కూర్చున్నాడు. అప్పలమ్మ వడ్డించనంది. తనే గరిటెతో వేసుకున్నాడు. గింజలు పళ్ల కింద పటపటమనడం మాకు వినిపించింది.

"బావా, ఆపరా. నువ్వు తింతే నీల్లు తియ్యబడతాయేటి?" అన్నాడు పోలారావు. ఆ గొంతులో వేళాకోళం లేదు.

గోవిందు ఆకు ఖాళీ చేసి లేచాడు.

"నేను అడిగుండాల్సింది. పప్పు వండినంతసేపూ నేనిక్కడే కూర్చున్నాను" అంది ఇందు.

"నీకెలగ తెలుస్తాదమ్మా? నానింట్లో దినమూ తిన్నాను, నాకే తెల్దు" అన్నాడు గోవిందు. తర్వాత ధరణి వైపు తిరిగాడు. "నువ్వు ఫాల్గునంలో ఆపమన్నావు. అప్పుడాపితే?"

అబద్ధం చెప్పడం ధరణికి చేతకాదు. "ఆపి ఉంటే ఈ ఏడు నిలిచేదనుకుంటున్నాను. వచ్చే ఏడు సంగతి అప్పుడూ చెప్పలేకపోయేదాన్ని. సముద్రం దగ్గరికొస్తోంది పెదనాన్నా."

"ఇప్పుడు మల్లీ మీగడ కడతాదా?"

"మంచి వానలు కొన్నేళ్లు వరసగా, మెల్లగా పడితే."

"అలాటి వానలు నువ్వు సూసినావేటి, ఈ మద్దిన?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ సాయంత్రం గోవిందు నాతో ఒక మాట అన్నాడు. మోటారు విప్పడానికి నేను వంగి ఉన్నాను. "ఈ సోడా మా ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో మా అప్పలమ్మకే గేపకం నేదట. ఆ తరవాత ఎన్ని ఊళ్లల్లో నూతులు దింపినాను. అన్నిటికీ ఇదే వొండినాది. అందులో ఏది నుయ్యో, ఏది గొయ్యో." నేను బోల్టు విప్పుతూ ఉండిపోయాను. ఆ నూతుల్లో చాలావాటి మీద నా మోటార్లున్నాయి. ఒకటీ వాలలేదని చెప్పబోయి ఊరుకున్నాను.

నుయ్యి పూడుస్తానంటే పోలారావు అడ్డం పడ్డాడు. బట్టలుతుక్కోడానికైనా ఉంచమన్నాడు.

"ఒద్దు బావా. నుయ్యంటూ ఉంటే ఎవులో తాగుతారు. మన పిల్లలే తాగుతారు" అన్నాడు గోవిందు.

తట్టతో ఇసక మోసి పోశాడు. వయసు మీదపడ్డవాడు, మధ్యమధ్య ఒర అంచు పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకునేవాడు. ధరణి కూడా తట్ట పట్టింది, వద్దన్నా వినలేదు. కుర్రాళ్లు వచ్చి పారలతో తొందరగా పూడ్చేస్తామన్నారు. అతను పార ముట్టనివ్వలేదు. ఎంత నిలువుగా దింపాడో అంత నిదానంగా పూడ్చాడు. పై ఒర ఒక్కటి ఇసక మీద గుండ్రంగా మిగిలింది.

వానాకాలం రాకముందే ఊరు కాలనీకి మారింది. పడవలు ఒడ్డునే ఉన్నాయి. తెల్లవారకముందే ఆటోలో వలలు వేసుకుని రావాలి. వచ్చాక సముద్రం ఎలా ఉందో తెలుస్తుంది, బాగోలేకపోతే అదే ఆటోలో తిరిగి వెళ్లాలి. కొద్ది నెలలకే పడవలు అమ్ముకుని కొందరు గుజరాత్‌లోని వీరావల్ వైపు ఇంకొకరి పడవల మీద పనికి పోయారు. ఆ ముగ్గురూ ఇంకా వస్తున్నారు. ధరణి ఇప్పుడు ఏ ఊళ్లో నీళ్లు చూసినా ముందు వంటింట్లోకి వెళ్తుందట. గోవిందు దింపిన పాత నూతులన్నీ మళ్లీ చూద్దామని ఆమె అడిగితే అతను వెంట వెళ్లాడు. కొన్ని చోట్ల చూసి, ఇక రానన్నాడు.

మొన్న కాలనీలో మోటారు పని ఉండి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాను. గోడకు మేకు కొట్టి సీసం గుండు తగిలించాడు గోవిందు. కొత్త గోడ నిలువుగా లేదు, కింద ముందుకొచ్చిన చోట గుండు దాన్ని ఆనుకుని ఉంది. కొళాయి నీళ్లు బిందెలో ఉన్నాయి. అప్పలమ్మ పప్పు కుండ మూత తీసి, కొంగుముడి విప్పి, చిటికెడు సోడా వేసింది.

"ఇవి కొలాయి నీల్లు కదే. ఎక్కడో లోపలినుంచొత్తన్నాయట. ఒకపాలి సోడా నేకండా వొండి సూడు" అన్నాడు గోవిందు.

ఆమె పొట్లం మళ్లీ ముడి వేసుకుంది.

"ఉడక్కపోతే?" అంది. "ఉడక్కపోతే ఏటి సేత్తావు? ఇక్కడ్నించి ఇంకెక్కడికెల్తాం?"

గోవిందు కంచం ముందుకు జరుపుకున్నాడు. పప్పు బాగా మెత్తగా ఉంది, అన్నంలో కలపకుండానే కలిసిపోయింది.